అరుస్తూ కూడా రాగం వదలని స్వీడన్ వాళ్ళు

2025 ఏప్రిల్ 25, శుక్రవారం నాడు స్వీడన్ నుంచి ఒకేసారి రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఒకటి ఘోస్ట్ వాళ్ళ 'స్కెలెటా', రెండోది వయాగ్రా బాయ్స్ వాళ్ళది (నవ్వకండి, బ్యాండ్ పేరు నిజంగా అదే, కాకపోతే ఇంట్లో ఫోన్‌ని టీవీకి కనెక్ట్ చేసి వినేవాళ్ళు కాస్త చూసుకోండి, స్క్రీన్ మీద పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో పడుతుంది, పక్కన మావయ్య కూర్చుని ఉంటే సమాధానం చెప్పుకోలేం). ఒకరేమో ముఖానికి పుర్రె రంగేసుకుని పోప్ వేషంలో పాడే హెవీ రాక్, ఇంకొకరు చొక్కా విప్పేసి ఒంటి నిండా పచ్చబొట్లతో స్టేజీ మీద పొర్లే పంక్. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు. కానీ రెండూ విన్నాక నాకనిపించింది మాత్రం ఒకటే. ఈ దేశం వాళ్ళు ఎంత గోల చేసినా రాగాన్ని వదిలిపెట్టరు, ఆ గోల కింద ఎక్కడో ఒక చోట కూనిరాగం తీసుకోడానికి పనికొచ్చే ముక్క ఒకటి దాచి ఉంచుతారు.

స్వీడన్ జనాభా కోటి పైచిలుకు. మన పాత మూడు జిల్లాలు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కలిపితే దాదాపు అంతే. అంత జనంలోంచి ఆబా, రాక్సెట్, యూరోప్, ఏస్ ఆఫ్ బేస్ లాంటి ప్రపంచమంతా విన్న పాప్, రాక్ బ్యాండ్లు, వీటన్నిటి తర్వాత లెక్కపెట్టలేనన్ని మెటల్ బ్యాండ్లు. ఎలా అన్నది కింద చెప్తాను, ముందు పాటల సంగతి.

ఘోస్ట్‌ని నడిపేది టొబియాస్ ఫోర్గే అనే ఒక్కడే, లిన్‌షోపింగ్ ఊరివాడు. చాలా ఏళ్ళు ఆ ముసుగు వెనక ఉన్నదెవరో పైకి ఒప్పుకోలేదు, పాత సభ్యులు కోర్టుకెక్కాక 2017లో పేరు బయటపడింది. పాడేవాడికి వేషం, చుట్టూ వాయించేవాళ్ళకి పేర్లు కూడా ఉండవు, ముసుగులే. తూర్పు భాగోతం చూసి పెరిగిన మన వైపు వాళ్ళకి వేషం కట్టి పాడటంలో వింతేం లేదు కాబట్టి ఆ హడావుడి పక్కన పెట్టేసి పాటలే వింటే, మిగిలేది అచ్చంగా ఎనభైల నాటి రాక్, దాని మీద ఆబా పద్ధతి కోరస్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి. ఫోర్గే అంతకుముందు రెపగ్నెంట్ అనే డెత్ మెటల్ (గర్జిస్తూ పాడే బాగా గట్టి రకం రాక్) బ్యాండ్‌లో అరిచినవాడు, ఘోస్ట్ మొదలెట్టాక 2013లో ఆబా పాటొకటి తీసుకుని పాడాడు కూడా, అంటే ఎక్కడ నేర్చుకున్నాడో దాచుకోలేదు. స్కెలెటా అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా మొదటి స్థానంలో దిగింది, 2020లో ఏసీడీసీ తర్వాత ఒక హార్డ్ రాక్ ఆల్బమ్‌కి ఆ స్థానం దొరకడం అదే మొదలు. ఇంత చెప్పి నా మాట కూడా చెప్పేస్తా, నాకు 2022 నాటి 'ఇంపెరా'యే ఎక్కువ ఇష్టం. కొత్తదాంట్లో కోరస్ ఎటు తిరుగుతుందో రెండు లైన్ల ముందే తెలిసిపోతోంది.

అన్నట్టు వాళ్ళ 2025 టూర్‌లో జనం ఫోన్లన్నీ సంచుల్లో పెట్టించి తాళం వేయించారు. ఈ రూల్ మన విజయనగరంలో సిరిమానోత్సవం రోజు పెట్టాలి. మూడు లాంతర్ల దగ్గర నిలబడితే ఎత్తిన ఫోన్లు తప్ప మాను కనబడటం లేదు.

వయాగ్రా బాయ్స్ ఆల్బమ్‌కి పెట్టిన పేరు వాళ్ళ బ్యాండ్ పేరే, కాకపోతే మధ్యలో ఖాళీ తప్పు చోట పడినట్టు విరిచి రాశారు. పాడే సెబాస్టియన్ మర్ఫీ పుట్టింది అమెరికాలో, బ్యాండ్ మాత్రం స్టాక్‌హోమ్‌దే. ఇందులో గిటార్ కంటే బేస్ గిటార్ ముందు నడుస్తుంది, దాని మీద ఒక సాక్సోఫోన్ ఎక్కడినుంచో వచ్చి గొడవపడుతుంది, మధ్యలో మర్ఫీ సగం పాడుతూ సగం సణుగుతూ ఉంటాడు. బురదనేలలో వేల ఏళ్ళు చెడకుండా ఉండిపోయిన శవాన్ని చూసి వీడు మురిసిపోతుంటే వీడి గర్ల్‌ఫ్రెండ్ ఆ శవం మీద అసూయపడే పాటొకటి ఉంది, అంత పిచ్చి ఐడియా మీద కూడా కాలు ఆడించకుండా కూర్చోలేం. చివరి పాట మాత్రం పియానో మీద నెమ్మదిగా సాగే ప్రేమ పాట. అంతసేపు వెటకారం ఆడినవాడు అక్కడ ఒక్కసారిగా తగ్గి పాడేసరికి, వీడికి ఇది ముందునుంచీ వచ్చన్నమాట అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఓపెత్ అనే మెటల్ బ్యాండ్. 2024 నవంబర్‌లో వచ్చిన 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'. నాకు ఈ మధ్య దీన్ని మించింది తగల్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో ఒక డబ్బున్న పెద్దాయన చనిపోతాడు. పెద్ద భవంతి, అందులో కవలలు ఇద్దరు, వాళ్ళతో పాటు ఆ ఇంట్లోనే పెరిగిన పోలియో అమ్మాయి ఒకతి. వీలునామా చదవడానికి అందరూ కూర్చుంటారు. ఆల్బమ్ మొత్తం ఆ చదవడమే. పాటలకి పేర్లు లేవు, దస్తావేజులో పేరాలకి వేసినట్టు ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లు, ఆఖరి పాటకి మాత్రం పేరు పెట్టారు. ఎవరు ఎవరి బిడ్డ, ఆస్తి ఎవరికి పోతుంది, పెద్దాయన బతికుండగా ఏం దాచాడు అన్నది పేరా పేరాకీ విప్పుకుంటూ పోతారు. మన వైపు వాళ్ళకి దీనికి వేరే నోట్స్ అక్కర్లేదు. ఎకరం జీడితోట కోసం అన్నదమ్ములు ఇరవై ఏళ్ళు మాటలు మానేసిన ఇళ్ళు మనలో ఎవరికి తెలియవు, పెద్దకర్మ భోజనాలు లేవకముందే పంపకాల మాట ఎత్తిన పెద్దమనుషులు ఎవరికి తెలియరు! నేను దీన్ని మొదట విన్నది బొబ్బిలి వెళ్ళే పాసింజర్‌లో. ఎదురు సీట్లో ఇద్దరు కూర్చుని సరిగ్గా సర్వే నంబర్ల గొడవే మాట్లాడుకుంటున్నారు, ఇయర్‌ఫోన్స్ తీసినా పెట్టినా నాకు ఒకటే కథ నడిచింది గజపతినగరం దాకా.

ఓపెత్ పాటగాడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్‌కి రెండు గొంతులు. ఒకటి గుహలోంచి వచ్చే గర్జన, రెండోది మెత్తటి మామూలు గొంతు. 2008లో 'వాటర్‌షెడ్' తర్వాత ఆ గర్జన ఆల్బమ్‌లలో మానేశాడు, పాత అభిమానులు ఏళ్ళ తరబడి అలిగి కూర్చున్నారు, పదహారేళ్ళకి ఈ ఆల్బమ్‌లో మళ్ళీ ఎత్తుకున్నాడు. ఊరికే అభిమానుల కోసం కాదు. కఠినమైన మాటలు వచ్చినప్పుడు, చచ్చిపోయినా పెత్తనం వదలని ఆ తండ్రి కాగితంలోంచి కుటుంబాన్ని గదమాయిస్తున్నప్పుడు ఆ గొంతు లేస్తుంది, మిగిలిన చోట్ల మెత్తగా పాడతాడు. జెత్రో టల్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఇయాన్ ఆండర్సన్ వచ్చి కథ చదువుతాడు, ఫ్లూట్ కూడా వాయిస్తాడు. యూరోప్ బ్యాండ్ జోయి టెంపెస్ట్ గొంతు కూడా ఒక చోట వినిపిస్తుంది, 1986లో 'ద ఫైనల్ కౌంట్‌డౌన్' పాడిన ఆయనే. దేశం చిన్నదైతే ఇదొక సుఖం, పాప్ వాడూ మెటల్ వాడూ ఒకే స్టూడియో చుట్టూ తిరుగుతుంటారు.

ఇంట్లో ఒకసారి స్పీకర్ మీద పెట్టాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అదేట్రా బాబూ, ఆడు అలాగ అరుస్తన్నాడు, ఆడికేటైనా నొప్పా?" అంది. నేనేం మాట్లాడలేదు, తగ్గించనూ లేదు. ఆఖరి పాట వచ్చేసరికి ఆవిడ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, అది అరుపుల్లేని నెమ్మది పాట, చివర్లో గిటార్ సాగి సాగి ఆగుతుంది. "ఇదెవుల్రా పాడుతున్నారు?" అంది. ఆడేనమ్మా అన్నాను. "ఆడా! మరి మొదట్నుంచీ ఇలాగే పాడొచ్చు కదా, గొంతు పాడుచేసుకోడం ఎందుకు?" నిజానికి ఓపెత్ మీద నేను చదివిన రివ్యూలన్నిటికంటే ఇదే సూటిగా ఉంది.

మెషుగా అనే మెటల్ బ్యాండ్ దగ్గరికి వస్తే రాగం మాట అక్కడ కుదరదు, ఒప్పుకుంటా. అక్కడ ఉన్నదంతా లయ. ఉత్తరాన ఉమియో అనే ఊరు వాళ్ళది, ఎనభైల చివర్నుంచి ఉన్నారు, 2022లో వచ్చిన 'ఇమ్యూటబుల్' కొత్తది అనడానికి కాస్త పాతబడింది కానీ నేనింకా దాన్ని తిప్పి తిప్పి వింటున్నా. డ్రమ్మర్ టోమస్ హాకె చేతులు మామూలు నాలుగు లెక్కలోనే నడుస్తుంటాయి, కాళ్ళు మాత్రం గిటార్‌తో కలిసి వేరే పొడవున్న ఒక ముక్కని మళ్ళీ మళ్ళీ వాయిస్తుంటాయి, ఆ ముక్క నాలుగులో పట్టదు కాబట్టి ప్రతిసారీ కొంచెం పక్కకి జరుగుతూ పోతుంది, మనం లెక్క తప్పిపోయి ఇంక వదిలేద్దాం అనుకునే టైముకి చివర్లో తోక కత్తిరించి అందరూ ఒకే దెబ్బ మీద దిగుతారు. 

మా ఫ్రెండ్ ఒకడు మృదంగం నేర్చుకున్నవాడు. అయ్యకోనేరు గట్టు మీద కూర్చోబెట్టి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాను. మొదట మొహం చిట్లించాడు, తర్వాత తొడ మీద చెయ్యి వేసి తాళం మొదలెట్టాడు, రెండు మూడు సార్లు తప్పాడు, గిటార్‌ని పట్టించుకోవడం మానేసి డ్రమ్స్‌లో సింబల్ పళ్ళెం దెబ్బ ఒక్కటే పట్టుకున్నాక ఇంక తప్పలేదు. "ఒరే, ఇది ఆది తాళంలో వేసేసుకోవచ్చురా, లోపల నడకే తిక్కది, ఖండంలో మిశ్రం కలిపి తిప్పుతున్నట్టున్నాడు" అన్నాడు. వాడికి ఆ అరుపులు అడ్డమే రాలేదు, అసలు అరుస్తున్నట్టు గమనించాడో లేదో కూడా డౌటే. తర్వాత కాసేపు ఆదిభట్ల నారాయణదాసు గారి కబుర్లు పడ్డాయి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసి పంచముఖి చూపించేవారని పెద్దవాళ్ళు చెప్పుకునే మనిషి ఆయన. అలాంటి ఊళ్ళో పుట్టినవాళ్ళకి మెషుగా అర్థం కాదు అంటే నేనొప్పుకోను, అలవాటు లేదంతే.

ఆ నారాయణదాసు గారే 1919లో మా విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు చెప్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు, సుశీల గారూ అక్కడే. ఒక రాజా గారు బడి పెట్టిస్తే ఎన్ని గొంతులు బయటికొచ్చాయో చూడండి. స్వీడన్‌లో జరిగిందీ అదే రకం పని, కాకపోతే రాజు బదులు మునిసిపాలిటీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరూరా మునిసిపల్ సంగీత బడులు పెరిగాయి, పిల్లలకి తక్కువ ఫీజుతో నేర్పడం, వాయిద్యం ఇంటికి అద్దెకివ్వడం. బ్రిట్నీ స్పియర్స్ నుంచి ద వీకెండ్ దాకా అమెరికా హిట్లు రాసిన మాక్స్ మార్టిన్ అలాంటి బడిలో నేర్చుకున్నవాడే, ఆయన కూడా మొదట్లో ఇట్స్ అలైవ్ అనే గ్లామ్ మెటల్ బ్యాండ్‌లో పాడాడు. బడి దాటాక స్టడీ సర్కిల్ అని ఇంకొకటి ఉంది. కొందరు కుర్రాళ్ళు కలిసి మేం సంగీతం నేర్చుకుంటున్నాం అని అక్కడి వయోజన విద్యా సంఘాల్లో పేరు రాయించుకుంటే ప్రాక్టీస్‌కి గది, డ్రమ్ కిట్, ఆంప్లిఫయర్ దొరుకుతాయి, సర్కారు సొమ్ముతో. డెత్ మెటల్ అయినా సరే, ఏం పాడుతున్నారని అడగరు. ఈ డబ్బుకి 2024 నుంచి అక్కడి ప్రభుత్వం కోత పెడుతోంది, చిన్న ఊళ్ళ బ్యాండ్లు లబోదిబోమంటున్నాయి.

మా ఊళ్ళో డ్రమ్ కిట్ మీద చెయ్యి వెయ్యాలంటే చర్చికి వెళ్ళాలి, లేదా పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా వాళ్ళని బతిమాలుకోవాలి. మా కుర్రాళ్ళు కొందరు గది అద్దెకి తీసుకుని ప్రాక్టీస్ మొదలెడితే ఓనర్ గారు వచ్చి "బాబూ, మీరు చదువుకుంటారని ఇచ్చాను" అని ఖాళీ చేయించేశారు. పాపం ఆయన తప్పూ లేదు, పైన చంటిపిల్లలున్నారు.

సబటాన్ గురించి పెద్దగా చెప్పను అనుకున్నా కానీ ఒక పాయింట్ ఉంది. ఫాలున్ ఊరి బ్యాండ్, చరిత్రలో యుద్ధాల మీద తప్ప పాడరు, 2012లో స్వీడన్ రాజుల మీద చేసిన 'కారోలస్ రెక్స్' ఇంగ్లిష్‌లో ఒకటీ స్వీడిష్‌లో ఒకటీ పాడారు. 2025 అక్టోబర్‌లో వచ్చిన 'లెజెండ్స్'లో ఒక్కో పాట ఒక్కో వీరుడి మీద, జోన్ ఆఫ్ ఆర్క్, హానిబల్, చెంఘిజ్ ఖాన్ సేనలు, జపాన్ కత్తివీరుడు ముసాషి. సంగీతం పరంగా అదే దరువు, అదే బృందగానం, రెండు పాటలు వింటే మిగతావి ఊహించుకోవచ్చు. కానీ వింటున్నంతసేపూ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, వీళ్ళకి బొబ్బిలి యుద్ధం గురించి ఎవరైనా చెప్తే బాగుండు అని. 1757 జనవరి 24, ఒక పక్క బుస్సీ ఫిరంగులు, కోట లోపల మంటలు, తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజుని పొడవడం, ఇంతకంటే సబటాన్ పాట ఎక్కడుంది? జంగం కథల వాళ్ళు ఆ కథ చెప్తుంటే గుమ్మెట దరువుకి జనం లేచి నిలబడటం నేను చూశాను. నేను విజయనగరం వాణ్ణి కాబట్టి ఆ పాటలో విలన్లం మేమే అవుతాం, ఫర్వాలేదు, కోరస్ బాగుంటే చాలు.

ద హైవ్స్ అనే బ్యాండ్ ఆల్బమ్ ఒకటి 2025 ఆగస్టులో వచ్చింది. మన పాలకొండ కంటే చిన్నదైన ఫాగెర్‌స్టా నుంచి వచ్చి ఇన్నేళ్ళుగా అదే నలుపు తెలుపు సూట్లలో అదే వేగంతో అరుస్తున్నారు, అరగంటలో అయిపోతుంది, బైక్ మీద వినొద్దు, స్పీడ్ పెరిగిపోతుంది. అంతకు మించి చెప్పడానికేం లేదు.

గోథెన్‌బర్గ్ ఊరి వైపు 2025లో బాధే. అక్కడి ఎట్ ద గేట్స్ బ్యాండ్ పాటగాడు టోమస్ లిండ్‌బర్గ్ 2025 సెప్టెంబర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. 1995లో వాళ్ళు చేసిన 'స్లాటర్ ఆఫ్ ద సోల్' లేకపోతే తర్వాత అమెరికాలో వచ్చిన సగం మెటల్ లేదు. రెండు గిటార్లు జంటగా ఒకే రాగాన్ని కాస్త ఎడంగా పట్టుకుని పరుగెత్తడం ఆ ఊరి సంతకం, ఇన్ ఫ్లేమ్స్ వాళ్ళు 2023 'ఫోర్‌గాన్'లో మళ్ళీ ఆ దారికి వచ్చారు, డార్క్ ట్రాంక్విలిటీ 2024 ఆల్బమ్‌లో ఆ దారి వదల్లేదు. స్టాక్‌హోమ్ వాళ్ళ డెత్ మెటల్ వేరు. అక్కడ రహస్యం అంతా బాస్ కంపెనీ హెచ్‌ఎమ్ 2 అనే, గిటార్ చప్పుడు మార్చే చిన్న నల్ల పెడల్‌లో ఉంది, దాని మీద నాలుగు నాబ్‌లు, నాలుగూ ఆఖరిదాకా తిప్పేయడమే. అలా తిప్పితే రంపంతో కలప కోస్తున్న చప్పుడొస్తుంది. ఎన్‌టూమ్డ్ 1990లో ఆ చప్పుడుతోనే మొదటి ఆల్బమ్ చేశారు. ఎప్పుడో తయారీ ఆపేసిన ఆ పెడల్‌కి గిరాకీ తగ్గక కంపెనీ 2021లో మళ్ళీ కొత్తది దింపింది.

ఇదంతా చదివి నాకు ఈ అరుపులు పడవు బాబూ అనేవాళ్ళకి వేరే దారి ఉంది. లిటిల్ డ్రాగన్ బ్యాండ్ పాటగత్తె యుకిమి నగానో 2025 మార్చిలో సొంతంగా చేసిన 'ఫర్ యూ' తీసుకోండి, రాత్రి మేడ మీద పడుకుని వినేంత మెత్తగా ఉంటుంది. దరువు కావాలంటే గోట్ అనే ముసుగుల బ్యాండ్, 2024లో సొంత పేరుతో వచ్చిన ఆల్బమ్, డోలు దరువులూ గిటార్లూ కలిసి ఊగుతాయి, తప్పెటగుళ్ళు విన్న కాళ్ళకి వెంటనే పట్టేస్తుంది. అన్నా వాన్ హౌస్‌వొల్ఫ్ బ్యాండ్ కాదు, ఒక్కావిడే, చర్చి పైప్ ఆర్గాన్ ముందు కూర్చుని పాడుతుంది, 2025 అక్టోబర్ 31న వచ్చిన 'ఐకనోక్లాస్ట్స్' నేనింకా వింటూనే ఉన్నా, ఇగ్గీ పాప్‌తో పాడిన పాటొకటి బాగా పట్టుకుంది, మిగతాది పూర్తిగా దిగాక వేరే రాస్తాను. ఆబా మేనేజర్ స్టిగ్ ఆండర్సన్ పెట్టిన పోలార్ సంగీత బహుమతిని 1998లో మన పండిట్ రవిశంకర్‌కీ రే చార్లెస్‌కీ కలిపి ఇచ్చారు, అంటే వాళ్ళ చెవులకి హద్దులు లేవని ఎప్పుడో తెలుసు, మనం అంత దూరం వెళ్ళి ఒక ఆర్గాన్ వినలేమా?

ఓపెత్‌కి మాత్రం ఒక జాగ్రత్త. మా అమ్మకి నచ్చింది కదా అని ఆఖరి పాటతో మొదలెట్టకండి, వీలునామాలో అసలు మెలిక అందులోనే ఉంది, ముందే వింటే మిగతా ఏడు పేరాలూ చప్పబడిపోతాయి. వరస తప్పకుండా వినండి, షఫుల్ ఆపేసి.